ఎంత పెద్దది? ఎంత మన చేతిలో ఉంది? జబ్బు భయాన్ని తూచుకునే పద్ధతి

మా అత్త ఇరవై లీటర్ల డబ్బా నీళ్లు తప్ప వేరే నీళ్లు ముట్టేది కాదు. పెళ్లికి వెళ్లినా సంచిలో నీళ్ల సీసా ఉండాల్సిందే. "బోరు నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయమ్మా" అని ఎదుటివాళ్లకీ చెప్పేది. అదే అత్త పొద్దువాలేసరికి అరుగు మీద చతికిలబడి, చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకునేది. దాన్ని అడ్డపొగ అంటారు. మా శ్రీకాకుళం వైపు వాళ్లకి కొత్త కాదు. గాలికి ఆరిపోదని, నుసి చీర మీద పడదని, చలికి వెచ్చగా ఉంటుందని, పంటిపోటు తగ్గుతుందని ఆడవాళ్లు దానికి బోలెడు కారణాలు చెప్పేవారు. అంగిలి కాలి తెల్లబడుతుంది, అది ముదిరితే క్యాన్సరు కావచ్చు అంటే, "మా యమ్మ ఎనభై ఏళ్లొచ్చేదాకా తాగింది, ఏటయింది?" అనేది అత్త.

నేనేమో ఉద్దానం పల్లెల్లో ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైనదాన్ని. ఊరూరా తిరిగి నలుగురికీ చెప్పొచ్చి, ఇంట్లో అరుగు మీద ఓడిపోయేదాన్ని. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ పద్ధతి. దీనికి ఒక రూళ్ల పుస్తకం, ఒక పెన్ను, ఓ గిన్నెడు చింతపిక్కలు ఉంటే చాలు.

ఏ జబ్బు గురించి భయం పుట్టినా రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఇది ఎంత పెద్దది? ఇందులో నా చేతిలో ఎంత ఉంది? మామూలుగా మనం ఈ రెండిటినీ కలిపేసి ఒకే జవాబు చెప్పుకుంటాం. చేతిలో లేదనిపించింది కొండంత కనబడుతుంది, చేతిలో ఉందనిపించింది ఆవగింజంత కనబడుతుంది. భూమిలోంచి వచ్చే నీళ్లు మా అత్త చేతిలో లేవు. చుట్ట అక్షరాలా చేతిలోనే ఉంది.

భయానికి మార్కులు వెయ్యండి

పుస్తకంలో ఒక పేజీని నిలువుగా నాలుగు గళ్లు చెయ్యండి. మొదటి గడిలో జబ్బు పేరు, పక్కనే భయానికి పదికి ఎన్ని మార్కులో వెయ్యండి. ఆలోచించొద్దు, ఎవర్నీ అడగొద్దు, ఫోను చూడొద్దు. మనసులో ఎంతుంటే అంత. తర్వాత సిగ్గుపడి దిద్దొద్దు కూడా. ఆ తప్పు మార్కే మనకి పనికొస్తుంది.

ఇప్పుడు ఆ మార్కు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. అమెరికాలో పాల్ స్లోవిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1987లో సైన్స్ పత్రికలో దీని గురించే రాశారని మా అమ్మాయి చెప్పింది. తను ప్రజారోగ్యం చదివింది. జనం ఒక ప్రమాదాన్ని తూచేటప్పుడు చావుల లెక్క ఒక్కటే చూడరట. తలుచుకుంటేనే గుండె ఝల్లుమనేదా, మన అదుపులో లేదా, మనం కోరి తెచ్చుకున్నది కాదా, కొత్తదా, కంటికి కనబడనిదా, శాస్త్రానికి కూడా అంతుబట్టనిదా అని చూస్తారట. అవన్నీ ఉన్నదానికి భయం ఎక్కువ. విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. ఇది తెలియడానికి అమెరికా దాకా పోవాలా, కవిటి సంతలో అరగంట నిలబడితే చాలదూ అనిపించింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే చోటు. కల్లు, సారా ముట్టని మనిషికీ, ఎండలో కష్టపడే కూలీకీ కిడ్నీలు పాడవుతాయి. మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. నీళ్లలో సిలికా అన్నారు, బరువు లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండకి ఒంట్లో నీరింకడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. ఇదీ కారణం అని ఖాయంగా తేలలేదు. స్లోవిక్ చెప్పిన లక్షణాలన్నీ ఇక్కడే కుప్పపడ్డాయి. మా ఊళ్లలో ఎవర్ని అడిగినా దానికి పదికి పది వేస్తారు. మొదట్లో నేనూ అంతే వేశాను.

చుట్టకి? అమ్మ తాగింది, అమ్మమ్మ తాగింది, పక్కింటావిడ తాగుతోంది. ఎవరూ బలవంతపెట్టలేదు. రోజూ కనబడేదానికి భయమెందుకు? 1971లో అచ్చయిన ఒక పరిశీలన కోసం మన ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు, ఈ అడ్డపొగ అంగిలిని ఏం చేస్తోందో తెలుసుకోడానికే. అంటే అర్ధ శతాబ్దం కిందటే లెక్క ఉంది, కారణమూ తెలుసు. అంతుబట్టనిదంటూ ఏమీ లేకపోవడమే దాని భయాన్ని చంపేసింది. అత్త దానికి ఒక్క మార్కు వేసింది. అదీ నా మొహం చూసి.

"ఎంత పెద్దది" అన్నదాన్ని మూడు ముక్కలు చెయ్యండి

రెండో గడిలో మూడు చిన్న జవాబులు రాయాలి. ఎంతమందికి వస్తుంది, వస్తే ఏమవుతుంది, ఎన్నాళ్లలో అవుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. అందుకే విడగొట్టమంటున్నాను.

బీపీ తీసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 21 మందికి, మగవాళ్లలో 24 మందికి బీపీ ఎక్కువగా ఉండటమో, దానికి మందు వాడుతుండటమో కనబడింది. ఎంతమందికి? చాలామందికి. వస్తే ఏమవుతుంది? చాలా ఏళ్లు ఏమీ అవదు, తర్వాత పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ దెబ్బ. ఎన్నాళ్లలో? నెమ్మదిగా. ఆ "నెమ్మదిగా" అన్న మాట చెవిన పడగానే జనం మిగతా రెండు జవాబులూ మరిచిపోతారు.

కుక్కకాటు దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కరిచిన ప్రతి కుక్కకీ పిచ్చి ఉండదు. కానీ రేబిస్ లక్షణాలు మొదలయ్యాయా, ఇక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతు పైగా మన దేశంలోవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మొదటి జవాబు చిన్నదైనా రెండో జవాబు అంత భయంకరంగా ఉంటే మొదటిదాన్ని పట్టుకుని బేరమాడకూడదు.

చింతపిక్కలు ఇక్కడే కావాలి. నూటికి ఇరవైనాలుగు అని నోటితో చెబితే ఎవరికీ తలకెక్కదు. చేటలో వంద పిక్కలు పోసి, ఇరవైనాలుగు పక్కకి తీసి పెట్టండి. డ్వాక్రా మీటింగులో నేనిలా చేసినప్పుడు ఒకావిడ ఆ కుప్ప వంక చూసి, "ఇందులో మా ఇంటాయన ఏ పిక్కో?" అంది. ఏళ్ల తరబడి పోస్టర్లు అంటించినా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

పిక్కలతో ఇంకో లాభం, "రెట్టింపు" అనే మాట పట్టుబడుతుంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. ఆడవాళ్లు బెదిరిపోయి మాత్రలు ఆపేశారు. అసలు లెక్క చూస్తే, ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. అదీ రెట్టింపే, అబద్ధం కాదు. కానీ మాత్రలు ఆపినందుకు వద్దనుకున్న గర్భాలొచ్చి, మరుసటి ఏడాది ఇంగ్లాండు, వేల్సుల్లో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయి. పైగా గర్భంలోనూ కాన్పులోనూ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కన్నా ఎక్కువ. కాబట్టి ఎవరైనా "రెట్టింపు", "మూడింతలు", "యాభై శాతం ఎక్కువ" అన్నప్పుడు ఒకటే అడగండి: మొదట ఎన్ని పిక్కలు, ఇప్పుడు ఎన్ని పిక్కలు? చెప్పలేకపోతే భయానికి మార్కులు పెంచొద్దు.

"నా చేతిలో ఎంత ఉంది"

ఇది మూడో గడి. కష్టమంతా ఇక్కడే.

మందస దగ్గర ఒక ఊళ్లో తొమ్మిదేళ్ల పిల్లాణ్ని కుక్క పిక్క మీద కరిచింది. నేను వెళ్లేసరికి వాళ్ల మామ్మ గాయం మీద సున్నం, కారం కలిపి పట్టీ వేసి ఉంది. తల్లి ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావమ్మా అంటే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారట కదా, పిల్లాడు తట్టుకోలేడు, మామ్మ కట్టు కట్టింది కాబట్టి నయమైపోతుందిలే అంది. ఒకే నోటితో జబ్బు పెద్దదనీ అంది, అక్కర్లేదనీ అంది. ఆమెకి జబ్బు మీద అనుమానం లేదు. మందు మీదే భయం. ఆ పద్నాలుగు సూదుల మందుని మన దేశంలో ఆపేసి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు చేతి పైభాగంలో ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే పద్ధతి అయితే మొదలుపెట్టిన రోజు ఒకటి, అక్కణ్నుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకి ఒక్కోటి. ఈ సంగతి చెప్పగానే ఆ తల్లి కళ్లు తుడుచుకుంది. కారం కడిగేశాం. సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో పావుగంట. పావుగంట అంటే ఎంతసేపో కడుగుతుంటేగానీ తెలియదు, పిల్లాడు మధ్యలో రెండుసార్లు పారిపోయాడు. రక్తం వచ్చిన కాటు కాబట్టి టీకాతోపాటు గాయంలోనూ చుట్టూనూ సీరం (టీకా పని మొదలయ్యేదాకా రేబిస్‌ని అడ్డుకునే మందు) కూడా వెయ్యాలని చెప్పి ఆటో ఎక్కించాను. నాలుగు తేదీలూ వాళ్లింటి తలుపు మీద బొగ్గుతో రాశాం.

ఈ ఉదంతం చూశాకే మూడో గడిలో మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. దీనికి పనిచేసే ఉపాయం ఉందా? ఉంటే అది నేను చేయగలిగేదేనా, అంటే డబ్బు, దూరం, నొప్పి, ఇంట్లోవాళ్ల మాట అన్నీ చూసుకుని? మూడోది, అసలు చేశానా? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఆ తల్లి రెండోదాని దగ్గర ఆగింది. మూడోదాని దగ్గర ఆగింది నేను.

నాకు బీపీ ఉందని తెలిసి అప్పటికి రెండేళ్లు. మాత్రలు రాశారు, తెచ్చుకున్నాను. హ్యాండ్‌బ్యాగులో రిపోర్టు పుస్తకం పక్కనే పట్టీ ఉండేది. గుర్తొచ్చినప్పుడు వేసుకునేదాన్ని, గుర్తు రాకపోతే లేదు. ఒకరోజు మీటింగుకి కొత్త డిజిటల్ బీపీ మిషన్లు వచ్చాయి. పనిచేస్తున్నాయో లేదో చూద్దామని మా తోటి ఉద్యోగి నా చేతికి కట్టింది. 178, కింద 104. మిషన్ పాడయిందన్నాను నేను. ఇంకోటి కట్టింది. అదే. గదిలో ఇరవై మంది ఆరోగ్య సిబ్బంది ముందు తలెత్తుకోలేకపోయాను. వేల చేతులకి బీపీ చూసినదాన్ని, నా చెయ్యి లెక్కలో లేదు.

తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మాత్ర బ్యాగులో ఉంటే వేసుకున్నట్టే అనిపించేది. నా చేతిలో పనే కదా, రేపు మొదలుపెడితే సరి అన్న ధీమా. నీల్ వైన్‌స్టైన్ అనే ఆయన 1980లోనే అమెరికా కాలేజీ పిల్లల్ని అడిగి చూశారట. చెడు జరిగే అవకాశం తోటివాళ్ల కన్నా తమకి తక్కువని ఎక్కువమంది అనుకున్నారు. ముఖ్యంగా తమ అదుపులో ఉందనుకున్న వాటి విషయంలో ఆ ధీమా ఇంకా ఎక్కువ. నాకప్పటికి యాభై నాలుగేళ్లు, కాలేజీ పిల్లని కాను. అయినా అంతే.

అందుకే నాలుగో గడి. దాని పేరు "చేసిన తేదీ". చేస్తాను అనుకున్న తేదీ కాదు, చేసిన తేదీ. అది ఖాళీగా ఉంటే మూడో గడిలో ఎంత రాసినా సున్నా కిందే లెక్క. ఈ ఒక్క నియమం విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

చేతిలో లేనిదనుకున్న దాన్ని చీల్చి చూడండి

కిడ్నీ జబ్బుకి కారణం తెలియదు కదా, ఇక మూడో గడిలో ఏం రాస్తాం అని అడిగేవారు మా ఊళ్లలో. కారణం తెలియకపోవడం వేరు, చేసేదేమీ లేకపోవడం వేరు. జబ్బుని నాలుగు దశలుగా చీల్చండి: రాకుండా చూడటం, వచ్చిందేమో తొందరగా పట్టుకోవడం, ముదరకుండా ఆపడం, ముదిరాక మోయడం. మొదటిది మన చేతిలో కొంచెమే ఉండొచ్చు. రెండోది చాలా ఉంది: రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం), మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీలు దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీను), బీపీ. క్రియాటినిన్ ఒక్కటీ చూసి మురిసిపోవద్దు, కిడ్నీ పని బాగా తగ్గేదాకా అది మామూలుగానే కనబడొచ్చు. మూడోదీ ఉంది: బీపీ, షుగరు అదుపులో పెట్టడం, ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు తాగుతూ ఉండటం, ఒళ్లునొప్పులకి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి మింగకపోవడం. జీడితోటలో నడుం వంచి పనిచేసేవాళ్లకి ఆ చివరి మాట చెప్పడం తేలిక, పాటించడం తేలిక కాదు. నాకు తెలుసు. అయినా రాయాలి. నాలుగో దశలో డయాలసిస్ దూరం ఇప్పుడు తగ్గింది. ఒకప్పుడు విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తేవాళ్లు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి.

ఇంత చెప్పినా పరీక్షకి రానివాళ్లు ఉండేవారు. "తెలిస్తే ఏం చేస్తాం నర్సమ్మా? ఊరికే పేరు బయటికొస్తుంది, పిల్లకి సంబంధం రాదు." ఇది మొండితనం కాదు. ఉద్దానం అంటేనే పిల్లనివ్వడానికి వెనకాడే రోజులు చూశాం. ఆ మనిషి లెక్కలో జబ్బు కన్నా పేరు పెద్ద ప్రమాదం. అలాంటప్పుడు అతని మార్కుల్ని దిద్దడం మానేసి, పరీక్ష ఎవరికీ తెలియకుండా ఎలా చేయించాలో చూడాలి. నేను పొరుగు మండలంలో చేయించేదాన్ని.

ఇంకో మాట. "చేతిలో ఉంది" అన్నది ఎదుటివాళ్ల మీద రాయిలా వెయ్యడానికి కాదు. షుగరొచ్చినవాణ్ని "నోరు కట్టుకోలేకపోయావు" అంటాం, పక్షవాతం వచ్చినవాణ్ని "మాత్రలేసుకుంటే వచ్చేదా" అంటాం. రేపటి గురించి అడగాల్సిన ప్రశ్నని నిన్నటి మీద వేస్తే మనిషి మంచం మీద అటు తిరిగి పడుకుంటాడు. నా బీపీ సంగతి బయటపడ్డ రోజు మా ఆయన ఒక్క మాట అనలేదు. మాత్రల పట్టీ తీసి కాఫీపొడి డబ్బాకి రబ్బరుబ్యాండుతో కట్టాడు. అప్పటినుంచి మర్చిపోలేదు.

వార్త వచ్చినప్పుడు

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్న మా వదిన ఫోన్ చేసింది. "నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే పడిపోతున్నారు, ఫిట్సొస్తున్నాయి, ఊరు ఖాళీ చేసెయ్యాలా?" గొంతు వణుకుతోంది. టీవీల్లో అంతుచిక్కని వ్యాధి అని రోజంతా అదే. ఫోన్లోనే గళ్లు గీశాం. భయం పదికి పది. ఎంతమందికి? ఆ కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి వెళ్లారు. వస్తే ఏమవుతుంది? ఎక్కువమంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేశారు. కారణం మీద ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందుల మాటా వచ్చింది. అదంతా తేలేదాకా మా వదిన చేతిలో ఉన్నవి: వేరే చోటి నుంచి తెచ్చిన నీళ్లే తాగడం, కూరగాయలు బాగా కడగడం, ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో చెంచాగానీ నీళ్లుగానీ పెట్టకపోవడం, తాళాల గుత్తి కోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యడం. రాసుకున్నాక వదిన ఊరు వదల్లేదు. మరుసటి వారం తన భయం మార్కు అడిగితే ఆరు అంది. సున్నా అననందుకు నాకు సంతోషమే అయింది. భయం పూర్తిగా పోవాలని ఈ పద్ధతి పెట్టలేదు.

వాట్సాప్‌లో వచ్చేవాటికి ఇంత శ్రమ అక్కర్లేదు. చేయమన్న పని ఏమిటో లేకుండా భయం మాత్రమే ఉంటే తీసెయ్యండి, అంతే.

ఇంట్లోవాళ్లకి చెప్పడం

మొదట నేను తప్పుగానే చేశాను. నోటి క్యాన్సరు బొమ్మలున్న పోస్టరు తెచ్చి అత్త ముందు పెట్టాను. ఆమె ఒకసారి చూసి, మర్నాడు దాన్ని అటక మీద ఆవకాయ జాడీల కింద పరిచింది. భయపెట్టి చేతికి పనివ్వకపోతే మనిషి బొమ్మని దాస్తాడు, చుట్టని కాదు.

రెండోసారి పుస్తకంతో కూచున్నాను. కిడ్నీకి పది, చుట్టకి ఒకటి అని ఆమె చేతే చెప్పించాను. వాదించలేదు. "అత్తా, నోరొకసారి తెరు" అని టార్చి వేసి, ఫోన్లో అంగిలి ఫోటో తీసి చూపించాను. తెల్లగా మందంగా అయిపోయి, మధ్యమధ్య ఎర్రచుక్కలు. తన నోట్లో పైకప్పు ఎవరికి కనబడుతుంది? డెబ్బై ఏళ్లకి మొదటిసారి చూసుకుంది. చాలాసేపు ఫోను అటూ ఇటూ తిప్పింది.

"ఇది నాదేనేటి?"

"నీదే."

"మానితే పోద్దా?"

ఆ ప్రశ్న వచ్చేదాకా మీరేమీ చెప్పొద్దు. వచ్చాక మాత్రం సిద్ధంగా ఉండాలి. మానేస్తే ఇలాంటి మచ్చలు చాలామందికి తగ్గుతాయి, కానీ ముందు పళ్ల డాక్టరు చూడాలి అన్నాను. పెద్ద మాట "మానెయ్యి" అనలేదు. గురువారం ఆసుపత్రికి రావడం, ఒకటే పని. తేదీ గడి ఖాళీగా ఉంచి పెన్ను ఆమె చేతికిచ్చాను. ఆమెకి రాయడం రాదు, గీత గీస్తానంది. గురువారం ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరు కాదని వచ్చింది. ఆ రోజు మాత్రం చుట్ట ముట్టలేదు. మర్నాడు ముట్టింది. రోజుకి అయిదున్నవి మూడయ్యాయి, తర్వాత రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. మధ్యలో వాళ్లన్నయ్య పోయినప్పుడు పన్నెండు రోజులూ మళ్లీ అయిదు. దానికి నేనేమీ అనలేదు, పుస్తకంలో రాసుకున్నానంతే. పూర్తిగా మానడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఫోటోలు నెలకొకటి తీసేదాన్ని. తెలుపు పలచబడటం ఆమె నాకన్నా ముందు పట్టుకుంది.

నీళ్ల డబ్బా మాత్రం మానలేదు ఆవిడ. ఆ విషయంలో నేనూ పట్టుబట్టలేదు.

ఇప్పుడు మా ఇంటి పేజీ ఇలా ఉంది. బీపీ, నాది: భయం ఆరు, మాత్ర రోజూ, చేసిన తేదీల గడిలో చోటు చాలక కేలెండరుకి మారాం. కిడ్నీ పరీక్షలు, అందరివీ: భయం ఎనిమిది, ఏడాదికోసారి, సంక్రాంతి వెళ్లాక. కుక్కకాటు: మా మనవరాలికి సబ్బు, పావుగంట, నాలుగు తేదీలు పాఠంలా వచ్చు. ఇక అబ్బాయి బండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్లే. హెల్మెట్ తలకి తగిలే గాయాల ముప్పుని సగానికి పైగా తగ్గిస్తుంది. చింతపిక్కలు పోసి చూపించాను. వాడు భయానికి రెండు వేశాడు, "నేను స్లోగానే నడుపుతానమ్మా" అన్నాడు. కొన్నదాన్ని బండి అద్దానికి తగిలించి తిరుగుతున్నాడు. వాడి గడిలో తేదీ ఇంకా పడలేదు. పెన్ను మాత్రం పుస్తకంలోనే పెట్టి ఉంచుతున్నాను.